కోశీధాన్యముల బీజసంస్కారము

వ్యవసాయమును గుఱించి మన పత్రికలలో వ్రాయువారు వానను గుఱించియు, ఎరువును గుఱించియు, ధరలను గుఱించియు విరివిగా వ్రాయుదురు. విత్తనము గాదెనుండి వెలువడి మట్టిలో పడులోపల దానికి జరుగు ఉపచారమును గుఱించి వ్రాయువారు అరుదు. అది ఒక రాత్రి పని. పెక్కు ఇండ్లలో వసారా మూలను, ఆడువారి చేతిమీదుగా జరిగిపోవు పని. అందుచేతనే కాబోలు చరిత్రకారుల చూపు దానిపై అంతగా ప్రసరింపలేదు.

అయినను కందులు, మినుములు, పెసలు, సెనగలు, ఉలవలు మొదలగు కాయధాన్యముల విషయమున ఆ యొక్క రాత్రి చిన్నది కాదు. ఈ పైరులలో చాల భాగము నీటివసతి లేని పొలములలో, ఒకటి రెండు వానల నమ్మకముమీదనో, ముందటి పంట తీసిన పిదప నేలలో మిగిలిన పదనుమీదనో మొలవవలసినవి. పైమన్ను కొలది దినములలోనే ఆఱిపోవును. అంతలోపల వేరు లోతునకు దిగిన మొక్క బ్రతుకును, దిగనిది మాడిపోవును. మరల విత్తుదమన్న నేలలో పదను ఉండదు. పేదరైతు ఇంట రెండవమాఱు చల్లుటకు విత్తనమును ఉండదు. మాంసము కొనలేని సంసారములకు మాంసకృత్తుల నిచ్చునది పప్పే గనుక, మొలక తప్పిన చేను ఆ యింటి పిల్లల కంచములలో కనబడును. కావున మొలకకు బలము చేకూర్చుటకై మనుష్యులు ఏయే కాలములందు ఏమేమి చేసిరో, అందు ఏది నిలిచెనో, ఏది నిలువలేదో విచారించుట కాలక్షేపము కాదని మేము తలంచుచున్నాము.

మన దేశమున ఈ విషయమై లభించు ప్రాచీన వాక్యములలో మిక్కిలి విలువైనది కౌటిల్యుని అర్థశాస్త్రమందున్నది. మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారు తాళపత్రములనుండి ఉద్ధరించి 1909లో ప్రకటించిన నాటినుండి ఈ గ్రంథమును రాజనీతికై చదువువారే ఎక్కువ. సీతాధ్యక్ష ప్రకరణమును, అనగా రాజుగారి సేద్యముపై అధికారియైనవాని విధులను జెప్పు భాగమును, ఓపికతో చదువువారు తక్కువ. అందు విత్తనములకు చేయవలసిన సంస్కారములు క్లుప్తముగా చెప్పబడినవి. ధాన్యబీజములను ఏడు దినములవఱకు రాత్రులు మంచులో తడియనిచ్చి పగలు ఎండలో ఆఱనీయవలెను. కోశీధాన్యములను, అనగా కాయలోపల పుట్టు గింజలను, మూడు దినములు గాని ఐదు దినములు గాని అట్లు చేయవలెను. చెఱకు ముచ్చెల కోసిన కొనలకు తేనె, నేయి, పందికొవ్వు, పేడ కలిపి పూయవలెను. ప్రత్తివంటి గట్టి గింజలకు పేడ పూయవలెను. ఇంతియే. హేతువు చెప్పుట లేదు.

ఈ గ్రంథము మౌర్యుల కాలమునాటిదే యని కొందఱును, తరువాతి శతాబ్దములలో ఇప్పటి రూపము దాల్చినదని కొందఱును వాదింతురు. ఏ పక్షము నెగ్గినను మన విచారమునకు లోటు లేదు. మమ్ము నిలిపివేసినది ఆ రెండు సంఖ్యల భేదము. వడ్లకు ఏడు, కాయధాన్యములకు మూడో యైదో. ఎందుకు తగ్గించినట్లు?

సమాధానము గింజ నిర్మాణమున దొరకునని మాకు తోచుచున్నది. వడ్లగింజ ఊకలోపల దాగియుండి నీటిని మెల్లగా పీల్చును. పప్పుగింజ అట్లు కాదు. దానిలో మాంసకృత్తులు మెండు. అవి నీటిని ఆబగా పీల్చి ఉబ్బును. రాత్రి నానవేసిన మినుములు తెల్లవారునప్పటికి గిన్నె నిండి పొరలుట ప్రతి గృహిణియు ఎఱిగినదే. పైపొర పలుచనైనదై, ఏ మూలనైన చిట్లియున్నచో, నీరు ఒక్కసారిగా లోపలి బద్దలపై పడి అచ్చటి సున్నితమైన కణముల పొరలు తెగిపోవును. తెగినచోటులనుండి చక్కెరలును లవణములును వెలికి కారును. వానికై మట్టిలోని బూజు చేరును. బఠానీ గింజలయందు ఈ గాయమును 1978లో పావెల్, మాథ్యూస్ అను పరిశోధకులు స్పష్టముగా చూపిరి: గింజ నీటిచే గాక, నీరు త్వరగా చొచ్చుటచే చెడుచున్నది. మంచులో తడియుట తొట్టిలో మునుగుటవంటిది కాదు. అది నెమ్మదిగా తడుపును. పగటి యెండ ఆ తడిని మరల తీసివైచును. కౌటిల్యునికి కణముల సంగతి తెలియదు. అయినను ఏడు రాత్రులు తడిసిన పప్పుగింజ మొలకెత్తి చెడిపోవుటనో మురిగిపోవుటనో కన్నులార చూచినవాడు ఎవడో ఒక కర్షకుడు ఉండియుండవలెను. అతని యనుభవమే అధికారుల వాక్యమై గ్రంథమునకు ఎక్కియుండును. ఇది మా ఊహ. గ్రంథము తన కారణమును తాను చెప్పుకొనలేదు.

ఇంతవఱకు చదివి, పూర్వులు సర్వమును ఎఱిగినవారని సంబరపడువారు రెండడుగులు ముందునకు వేయవలెను. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున విత్తనములను పది దినములు పాలలో ఉంచుమనియు, నేయి పూసిన చేతితో తీయుమనియు, పేడలో పెక్కుమాఱులు దొరలించుమనియు, లేడి పంది మాంసముల పొగ వేయుమనియు చెప్పెను. కృషిపరాశరమను మఱియొక గ్రంథమో, నేయి, నూనె, మజ్జిగ, ఉప్పు పొరపాటుననైన విత్తనముపై పడరాదనియు, దీపపు పొగ తగిలిన విత్తనమును విసర్జింపవలెననియు శాసించెను. ఒకరు నేయి పూయుమనిరి. ఒకరు నేయి తగులనీయకుమనిరి. ఒకరు పొగ వేయుమనిరి. ఒకరు పొగచూరినది పనికిరాదనిరి. మొదటిది ముఖ్యముగా తోటలకును రెండవది పొలమునకును ఉద్దేశింపబడినదని సమన్వయము చేయవచ్చును. చేసినను, శాస్త్రములో ఉన్నది గనుక సత్యమే యనువాడు ఏ శాస్త్రమును పట్టుకొనవలెనో చెప్పవలసియుండును.

ఆ కృషిపరాశరముననే మఱియొక నిషేధము గలదు. ఎంగిలియు, రజస్వలయు, గొడ్రాలును, గర్భిణియు, అప్పుడే ప్రసవించిన స్త్రీయు విత్తనమును తాకరాదట! ఈ మాటను మేము దాటిపోలేకున్నాము. మన పల్లెలలో విత్తనమును కాపాడినవారెవరు? కంకులలోను కాయలలోను మేలైనవానిని వేఱుచేసి దాచినవారు, కందులకు ఎఱ్ఱమట్టి పట్టించి ఎండబెట్టినవారు, అనుములలో బూడిద కలిపి కుండ మూతికి పేడమట్టి మెత్తినవారు, గాదెలో వేపాకు వేసినవారు ఎవరు? ఏటికొక మాఱు ఆ పని చేయుచు, చేసినంతకాలము మైలయను మాటను మోసినవారు ఆ స్త్రీలే. నిషేధము అక్షరాల పాటింపబడియుండినచో ఏ యూరను విత్తనమనునది మిగిలియుండదు. గింజకు పురుగు తగులుట, చెమ్మ తగులుట హాని. స్త్రీ చేయి తగులుట హాని కాదు. ఒకే పుటలో పరాశరుడు పురుగు పట్టిన విత్తనమును వర్జింపుమని చక్కని మాటయు, ఈ మాటయు చెప్పెను. రెంటికిని ఒకే ప్రామాణ్యమిచ్చుట మా వలన కాదు.

ఈ తికమక మన దేశమునకే చెందినది కాదు. ఇటలీలో క్రీస్తునకు పూర్వము 29వ సంవత్సర ప్రాంతమున పూర్తియైన వర్జిల్ కవి కృషికావ్యమునందు, కొందఱు విత్తువారు కాయధాన్యపు గింజలను సవుడును, ఆలివు నూనె తీయగా మిగిలిన నల్లని మడ్డియు కలిపి తడుపుట తాను చూచితినని చెప్పబడినది. కాయ బయటికి పెద్దదిగా కనబడి లోపల గింజ చిన్నదై మోసగించును గనుక, గింజ పెద్దదగునను ఆశతో వారట్లు చేసిరి. తరువాతివారు ఈ పద్ధతిని వల్లించుచు వచ్చిరి. కాని ఆ కవియే వెంటనే మఱియొక సంగతి జోడించెను. ఎంత శ్రమతో పరీక్షించిన విత్తనమైనను, ఏటేట మనుష్యుడు తన చేతితో పెద్దగింజలను ఎన్నుకొననిచో క్షీణించునట. మడ్డి సంగతి ఎట్లున్నను ఎన్నిక సంగతి మాత్రము నేటికిని నిలిచియున్నది. మన పెద్దలు విత్తొకటి వేయ చెట్టొకటి మొలచునా యన్నది ఇట్టిచోటనే.

తిరిగి కాయధాన్యముల చరిత్రలో గొప్ప మలుపు వచ్చుటకు పందొమ్మిదవ శతాబ్దము చివఱవఱకు వేచియుండవలసి వచ్చెను. ఈ పైరులు నేలను బలహీనపఱుపక బలపఱచునని క్రీస్తునకు పూర్వమే గ్రీసుదేశమున థియోఫ్రాస్టసు వ్రాసియుండెను. ఎట్లో ఎవ్వరికిని తెలియదు. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ అను రసాయనజ్ఞుడు, తన సహచరుడు విల్‌ఫార్త్‌తో జరిపిన ప్రయోగములను బెర్లినులో సభముందు ఉంచెను. కాయజాతి మొక్కల వేళ్ళకుండు బుడిపెలలో సూక్ష్మజీవులు కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నవని ఆ ప్రయోగముల సారము. 1888లో హాలండునందు బైయరింక్ ఆ సూక్ష్మజీవులను వేఱుచేసి పెంచి చూపెను. అంతవఱకు బుడిపెలను తెగులని అనుకొనినవారును ఉండిరి.

అటుపిమ్మట జరిగిన కథ సంస్కారాభిమానులకు మిక్కిలి బోధకరము. ఆ జీవులు లేని నేలలో కొత్తగా కాయధాన్యము వేయువారు, ముందు అది బాగుగా పండిన చేని మట్టిని బండ్లతో తెచ్చి చల్లుచుండిరి. మట్టి తోలుటకు మాఱు జీవులనే గింజకు పట్టించిన చాలదా యని నొబ్బె, హిల్ట్నరు అను జర్మను శాస్త్రజ్ఞులు ఆలోచించి, 1896 నాటికి నిట్రాజిన్ అను పేర పేటెంటు పొంది సీసాలలో అమ్మించిరి. సిద్ధాంతము నిర్దుష్టము, సరకు మాత్రము తఱచుగా చచ్చిన సరకు. రైతు చేతికి వచ్చునప్పటికి సీసాలోని జీవులు బ్రతికియుండెడివి కావు. అమెరికా వ్యవసాయశాఖవారు 1904 ప్రాంతమున ఆ జీవులను ప్రత్తిపింజలపై ఆఱబెట్టి తపాలాలో పంపిరి. పత్రికలు అద్భుతమని కీర్తించెను. ఎండిన ప్రత్తిలో జీవులు చనిపోయెను. రైతులు మోసపోయితి మనిరి. నిజమైన శాస్త్రము సైతము తొందరపాటు ప్రచారము చేతిలో పడినప్పుడు పాలలో పది దినములు నానబెట్టుటకంటె మిన్నగా పనిచేయలేదు. మెత్తని పీటుమట్టిలో ఆ జీవులను కలిపి, ప్రాణముతో ఉంచు ఉపాయము కుదిరిన పిమ్మటనే ఈ పద్ధతికి గౌరవము దక్కెను.

మన దేశమున ఎన్. వి. జోషీగారు 1920లో ఈ సూక్ష్మజీవులను గుఱించి పరిశోధనమును ప్రకటించిరి; వ్యాపారార్థముగా తయారు చేయుట 1956లో ఆరంభమయ్యెను. నేడు ఏ వ్యవసాయశాఖ కార్యాలయమున నడిగినను ఈ విధానమును చెప్పుదురు. బెల్లపునీటిని కాచి చల్లార్చి, అందు పొడిని కలిపి గింజలకు పట్టించి, నీడలో ఆఱబెట్టి, ఆ దినమే విత్తవలెను. వేడినీటిలో కలిపినను, ఎండలో ఆఱబెట్టినను ఫలము సున్న. కౌటిల్యుడు చెప్పిన ఎండ ఇచ్చట శత్రువు. పెసలకు పనిచేయు జీవి సెనగకు పనిచేయదు గనుక పొట్లముపై పైరు పేరును గడువు తేదీయు చూచుకొనవలెను. ఈ చదువు పని ఇంటిలో చదువుకొనిన ఆడపిల్ల చేతికి ఇచ్చుట మేలు.

విత్తనమునకు విషము పట్టించు పద్ధతి వేఱొకటి గలదు. తెగుళ్ళనుండి కాపాడుటకై పాదరసపు మందులు ఇరువదవ శతాబ్దపు ఆరంభమున జర్మనీలో పుట్టి లోకమంతట వ్యాపించినవి. వీనివలన మొలకకు కలిగిన మేలు నిజమే. కాని 1971 - 72 శీతకాలమున ఇరాకు దేశమునకు తెప్పించిన గోధుమ, బార్లీ విత్తనములకు అట్టి మందు పూయబడియుండెను. విత్తుకాలము దాటి చేరిన ఆ గింజలను పల్లెటూరివారు కడిగి రొట్టెలు చేసికొనిరి. ఎఱ్ఱరంగు నీటిలో పోయినది గనుక విషమును పోయినదనుకొనిరి. ప్రభుత్వపు లెక్కప్రకారమే 6,530 మంది ఆసుపత్రులలో చేరిరి. 459 మంది చనిపోయిరి. అది కాయధాన్యపు కథ కాకున్నను ఇచ్చట చెప్పితిమి. ఏలయన, పప్పుగింజ విత్తనముగాను ఆహారముగాను ఒకే ఇంటిలో, ఒకే తీరు డబ్బాలలో ఉండును. నేటి మందులు పాదరసపు మందులవంటివి కాకపోయినను, మందు పట్టించిన గింజ వంటయింటి గడప లోపలికి రాకూడదు.

ఇక మరల నీటికి వత్తము. అన్నిటికంటె చౌకయైన ఉపచారమును శాస్త్రము అన్నిటికంటె ఆలస్యముగా తలకెత్తుకొన్నది. తడిపి ఆఱబెట్టిన గింజలు అనావృష్టిని ఓర్చుకొనునని సోవియటు దేశమున గెంకెలు పరీక్షించెను. కలకత్తా విశ్వవిద్యాలయమున ఆర్. ఎన్. బసుగారు నిలువయున్న విత్తనమునకు కొంత తడి యిచ్చి ఆఱబెట్టినచో సత్తువ నిలుచునని చూపిరి. ఇంగ్లండునందు నాటింగ్‌హాం విశ్వవిద్యాలయమునకు చెందిన హైడెకరును అతని సహచరులును 1973లో గింజను మొలక ముంగిటివఱకు తెచ్చి ఆపివేయు పద్ధతిని ప్రకటించిరి. గింజ నీరు పీల్చుట మూడు మెట్లుగా జరుగును. మొదట వేగముగా ఉబ్బును. పిదప కొంతసేపు పైకి ఏమియు జరుగనట్లుండి లోపల సన్నాహము జరుగును. తుదకు వేరు పొడుచుకొని వచ్చును. రెండవ మెట్టుపై నిలిపి ఆఱబెట్టిన గింజ ఆ సన్నాహమును పోగొట్టుకొనదు. మట్టిలో పడినప్పుడు మిగిలినవానికంటె ముందుగా బయలుదేరును.

దీనిని ప్రయోగశాలనుండి పొలమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు వేల్స్ దేశపు బాంగరు విశ్వవిద్యాలయమునందలి డేవిడ్ హారిసు. బంగ్లాదేశమున రాజషాహి ప్రాంతమున బరీంద్ అను మెట్టభూములు గలవు. వరి కోసిన పిదప అచ్చటి బంకమట్టి చూచుచుండగనే గట్టిపడిపోవును; ఆ నేలలు చాల భాగము బీడుగా పడియుండెడివి. హారిసును, మూసా మొదలగు అచ్చటి పరిశోధకులును, ఇక్రిశాట్‌వారును కలిసి అచ్చట సెనగగింజలను రాత్రి నీటిలో నానవేయించి, ఉదయమున పైతడి ఆఱనిచ్చి, ఆ దినమే చల్లించిరి. ప్రక్కనే నానవేయని గింజలను చల్లించిరి. రైతులే తమ పొలములలో ఈ పరీక్ష చేసిరి. 1998 - 99లో నానిన గింజల పంట సుమారు 47 పాళ్ళు హెచ్చుగా వచ్చెను. మఱుసటి యేట సుమారు 20 పాళ్ళు హెచ్చు. ఖర్చు ఒక కుండెడు నీరు. రెండేండ్ల సంఖ్యలలోని ఈ వ్యత్యాసమును దాచక చెప్పుటయే ఆ పరిశోధకులయెడ మాకు గౌరవము కలిగించినది. లాభము ఏటేటికి మాఱును. పదను సమృద్ధిగా నున్నచోట అంత కానరాకపోవచ్చును.

ఇందు హద్దు ఒకటి గలదు. నీటినుండి తీసిన గింజ మట్టిలో మరల తడి తగులువఱకు వేచియుండవలెను. తీసిన తరువాతను తానే మొలకెత్తు గింజ హద్దు దాటినది. అది పొడినేలలో పడిన చచ్చును. సెనగకు సుమారు ఎనిమిది గంటలు, అనగా ఒక రాత్రి, క్షేమము. తెలుగునాట ఇటీవల ప్రకృతి వ్యవసాయమువారు సుభాష్ పాలేకరుగారి పద్ధతిని అనుసరించి ఆవుపేడ, మూత్రము, సున్నము, పిడికెడు మన్ను నీటిలో కలిపి బీజామృతమని విత్తనములకు పట్టించుచున్నారు. వారు కూడ పప్పుగింజల పొర పలుచన గనుక ముంచి వెంటనే తీసి ఆఱబెట్టుడని చెప్పుట గమనింపదగినది. ఎన్ని చోటుల తిరిగినను కాయధాన్యములకు కాలము తగ్గించుమను మాట మరల మరల ఎదురగుచున్నది.

ఈ విషయమున మన తెలుగుదేశమునకు సంబంధము స్వల్పమైనది కాదు. సెనగ, కంది, వేరుసెనగలపై పరిశోధించు ఇక్రిశాట్ 1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువునందు స్థాపింపబడినది. అచ్చట పనిచేసిన వై. ఎల్. నేనెగారు సికింద్రాబాదున ప్రాచీన వ్యవసాయ గ్రంథముల పరిశోధనకై ఒక సంస్థను నెలకొల్పి, ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమున పడియున్న సురపాలుని వృక్షాయుర్వేదమును తెప్పించి, 1996లో నళినీ సాధలేగారి ఆంగ్లానువాదముతో వెలువరించిరి. గ్రంథములు దొరికినవి. వానిలోని ప్రతి యోగమును సాదా గింజల సాలు ప్రక్కన వేసి చూచుపని ఇంకను చాల మిగిలియున్నది. ఆ సాదా సాలు లేనిదే పాలు, నేయి, పేడ, మంచు వీనిలో దేనివలన మొక్క బలిసెనో బ్రహ్మకును తెలియదు. జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో దళిత స్త్రీల సంఘములు పాతరకముల కందులను, అనుములను, పెసలను బూడిదతో, వేపాకుతో బుట్టలలో దాచి ఏటేట విత్తుచున్నవి. 1983లో పుట్టిన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యమున సాగిన ఈ పనికి 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది. పరాశరుడు తాకవద్దన్న చేతులవి.

పెరటిలో నాలుగు పాదులు పెట్టుకొను గృహిణులు కూడ ఈ పరీక్షను చేయవచ్చును. ఒకే డబ్బాలోని అలసందలను అఱువది తీసి మూడు భాగములు చేయుడు. ఇరువదింటిని పొడిగానే ఉంచుడు. ఇరువదింటిని రాత్రి నానవేసి తెల్లవారి నీడలో ఆఱబెట్టుడు. మిగిలిన ఇరువదింటిని రెండు దినములు నీటిలోనే వదలుడు. మూడింటిని ఒకే దినమున, ఒకే లోతున, మూడు సాళ్ళుగా నాటి, తేలికగా తడిపి, ఏ సాలున ఏ దినమున ఎన్ని మొలచినవో పిల్లలచేత గోడపై బొగ్గుతో వ్రాయింపుడు. మూడవ సాలును త్రవ్వి చూచుట మఱువవలదు.